బొమ్మ వ్యాగను – అసలు తుప్పు

(కార్తీక వనసమారాధన సందర్భంగా మంగినపూడి తీరాన జరిగిన మన సంఘం సభలో, రైల్వే క్యారేజి అండ్ వ్యాగన్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన సభ్యులొకరు ఇచ్చిన ప్రసంగ పాఠం)



పొద్దున్నే సముద్ర స్నానాలు అయ్యాయి. అటు వంటలు కూడా అయిపోవచ్చాయని వాసన చెబుతోంది. భోజనానికి ముందు మైకు ఇచ్చారంటే తొందరగా దిగిపొమ్మని అర్థం. ఆ సంగతి నాకు తెలుసు. కార్యదర్శిగారు మొన్న మా ఇంటికి వచ్చి, “మీరు ఇంట్లో బొమ్మ రైళ్లు చేస్తారట, వాటికి మళ్లీ తుప్పు పట్టిస్తారట, అదేదో నలుగురికీ చెప్పండి” అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు గానీ, సరిగ్గా నేను చెప్పాలనుకున్న మాట అదే. అందుకని ఒప్పుకున్నాను.

ఈ సంచిలో రెండు వ్యాగన్లు తెచ్చాను. ముందు వరుస నుంచి చేతులు మారుతూ వెనక్కి వెళతాయి. తడి చేతులతో మాత్రం పట్టుకోకండి. మొదటిది ఇంగ్లాండు బొగ్గు వ్యాగను. రెండోది మన నాలుగు చక్రాల కవర్డ్ వ్యాగను. మొదటిది ఎందుకు చేశానో ఇప్పుడు చెబుతాను. రెండోది ఎందుకు చేశానో చివర చెబుతాను.

ఆరేడేళ్ల కిందట మా అబ్బాయి కుటుంబంతో ఇంగ్లాండు నుంచి సంక్రాంతికి వచ్చాడు. మనవడి కోసం ఒక ప్లాస్టిక్ కిట్టు తెచ్చాడు. అక్కడి 16 టన్నుల బొగ్గు వ్యాగను అది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ రైల్వేలో ఇలాంటివి లక్షల్లో తిరిగాయి. ఉక్కు పెట్టె, నాలుగు చక్రాలు, బ్రేకు లీవరు, అంతే. పక్క పలక మీద ఏటవాలుగా ఒక తెల్ల గీత ఉంటుంది. ఆ గీత పైకొస ఎటు ఉంటే ఆ చివరన తెరుచుకునే తలుపు ఉందని యార్డులో వాళ్లకు దూరం నుంచే తెలిసేందుకు వేసిన గుర్తు. మనవడు రెండు ముక్కలు అతికించి గాలిపటాలకు వెళ్లిపోయాడు. మిగతా ముక్కలు బల్ల మీద ఉండిపోయాయి. ముప్పై ఏడేళ్లు వ్యాగన్ల కింద దూరినవాణ్ణి, చూస్తూ ఊరుకోలేక కూర్చున్నాను.

రెండు రోజుల్లో బిగించి, బజారు నుంచి ఎనామిల్ రంగు తెచ్చి నిగనిగలాడేలా వేశాను. నాకు ఎంతో గర్వంగా ఉంది. మనవడు వచ్చి అటూ ఇటూ తిప్పి చూసి, “తాతయ్యా, ఇది ఎప్పుడూ పనికి వెళ్లలేదా?” అన్నాడు. వాడికి ఎనిమిదేళ్లు. ఆ మాట నన్ను పట్టుకుంది. నిజమే. బొగ్గు మోసిన బండి ఏదీ అలా ఉండదు. నేను చేసింది పెళ్లికూతురుని, పనిమనిషిని కాదు.

ఈ విద్య గురించి కొంచెం నేపథ్యం చెప్పాలి. మనలో కొందరు చిన్నప్పుడు మెకానో సెట్టు చూసి ఉంటారు. దాన్ని తయారు చేసిన లివర్‌పూల్ వాసి ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో పేటెంటు తీసుకున్నారు. 1920లో బొమ్మ రైళ్లు కూడా మొదలుపెట్టారు. 1938లో ఆ కంపెనీ నుంచే చిన్న సైజు రైళ్లు వచ్చాయి. ఈనాటికీ ఇంగ్లాండులో ఎక్కువగా నడిచే కొలత అదే: అసలు బండిలో అడుగుకు బొమ్మలో 4 మిల్లీమీటర్లు. అంటే దాదాపు 76వ వంతు.

ఇందులో ఒక తమాషా ఉంది. యూరప్‌లో మిగతావాళ్లు 87వ వంతుకు చేసుకుని, దానికి సరిపోయే 16.5 మిల్లీమీటర్ల పట్టాలు వేశారు. ఇంగ్లాండు ఇంజన్లు అసలే బక్కవి. ఆ కొలతలో చేస్తే అప్పటి మోటారు లోపల పట్టలేదు. అందుకని బండిని కాస్త పెద్దది చేసి 76వ వంతులో కట్టారు గానీ, పట్టాలు మాత్రం ఆ 16.5 మిల్లీమీటర్లవే ఉంచేశారు. లెక్క ప్రకారం 18.83 ఉండాలి. ఈ తేడాను సరిదిద్దాలని పట్టుబట్టి, పట్టాలు చేత్తో వేసుకునేవాళ్లు ఇంగ్లాండులో ఇప్పటికీ ఉన్నారు. మన బ్రాడ్ గేజి అయిదున్నర అడుగులు గనుక ఆ కొలతలో 22 మిల్లీమీటర్లు అవుతుంది. అలాంటి పట్టాలు కొట్లో దొరకవు. నేనూ చేత్తో వేసుకోవలసి వచ్చింది.

ఇక అసలు విషయం. బొమ్మ బండిని ఎండకు ఎండి, వానకు తడిసి, పనిచేసి అరిగినట్టు చూపించడాన్ని వాళ్లు వెదరింగ్ అంటారు. చాలామంది అది మురికి పూయడం అనుకుంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. నారింజ రంగు తెచ్చి ఒళ్లంతా చుక్కలు పెట్టాను. వ్యాగనుకు ఆటలమ్మ పోసినట్టు తయారైంది. మా ఇంటావిడ చూసి వేపమండలు కట్టమంటారా అని అడిగింది.

అప్పుడు పాత ఉద్యోగం గుర్తుకొచ్చింది. ప్రతి మరకకూ ఒక కారణం ఉంటుంది. కారణం తెలిస్తే మరక ఎక్కడ పెట్టాలో దానంతట అదే తెలుస్తుంది. రైల్వేలో పనిచేయని మిత్రుల కోసం కాస్త వివరంగా చెబుతాను.

పోతఇనుము బ్రేకు కట్టెలు చక్రాన్ని ఒరుసుకున్నప్పుడల్లా సన్నటి ఇనుప పొడి రాలుతుంది. ఆ పొడి గాలిలో తడికి తుప్పు పట్టి, చక్రాల చుట్టూ, అడుగు చట్రం మీద ముదురు గోధుమ రంగు పూతలా పేరుకుంటుంది. కాబట్టి బండి అడుగుభాగం ఎప్పుడూ ఒకే రంగు, పై భాగం వేరే రంగు. పాతకాలపు యాక్సిల్ బాక్సుల్లో నూనె, కాటన్ వేస్టు ఉండేవి. నూనె కారి చక్రం మీద పడి, దుమ్ము పట్టి నల్లగా జిగటగా ఉండేది. రోలర్ బేరింగులు వచ్చాక ఆ నలుపు తగ్గిపోయింది. కాబట్టి మీరు చేసే బండి ఏ కాలానిదో తేల్చుకోకుండా ఆ నలుపు వేయకూడదు. బఫర్ల ముఖం మీద గ్రీజు మెరుస్తుంది. రివెట్ల కింద సన్నటి చారలు దిగుతాయి. తలుపు గొళ్లెం రోజూ తీసి వేసేది గనుక దాని చుట్టూ రంగు లేచిపోయి ఇనుము కనిపిస్తుంది. బొగ్గు వ్యాగను లోపలి పక్క తడి బొగ్గులోని గంధకం వల్ల పూర్తిగా తుప్పే. బయట మాత్రం రంగు ఇంకా నిలిచి ఉంటుంది. మీ చేతిలో ఉన్న మొదటి వ్యాగను లోపలికి తొంగి చూడండి, తెలుస్తుంది.

తుప్పులో కూడా వయసులున్నాయి. నిన్న మొన్నటి తుప్పు నారింజ రంగు. రెండేళ్లది ఇటుక రంగు. పదేళ్లది కాఫీ గింజ రంగు, దాదాపు నలుపు. కొత్తవాళ్లు చేసే తప్పు అంతటా నారింజ వేయడం. పట్టాలకు కూడా ఇదే లెక్క. పట్టా పక్కలు గోధుమ రంగు, పైన చక్రం నడిచే చోట అద్దంలా మెరుపు. బండ్లు తిరగని సైడింగులో పైభాగం కూడా తుప్పే. ఆ ఒక్క తేడా చూపిస్తే చాలు, ఏ లైనులో పని జరుగుతోందో చూసేవాళ్లకు చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

ఇంకొకటి. ఇనుము తుప్పుగా మారితే అంతకు ముందుకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద తుప్పు పుడితే పైన పొక్కులా లేస్తుంది. పొక్కు చిన్నదిగానే ఉంటుంది, లోపల మాత్రం చాలా తినేసి ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

సామాన్లు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. ఇంగ్లాండులో దీనికోసం రకరకాల సీసాలు, పొడులు అమ్ముతారు. మా అబ్బాయి కొన్ని పంపాడు కూడా. కానీ వాటిలో చాలావాటికి సమాధానం మన చుట్టుపక్కలే ఉందని మెల్లగా తెలుసుకున్నాను.

సన్నటి చేతిపట్టీలు, గొళ్లేలు చేయడానికి రాగి తీగ కావాలి. చిలకలపూడి రోల్డుగోల్డు పనివాళ్ల కంటే సన్నపు పని తెలిసినవాళ్లు ఎక్కడున్నారు? పట్టకారు ఎలా పట్టాలో, ఆకురాయి ఎంత తేలిగ్గా ఆడించాలో వాళ్ల పక్కన నాలుగు పూటలు కూర్చుని నేర్చుకున్నాను. వణికే చేతికి వాళ్లు చెప్పిన మందు ఒకటే: మణికట్టు రెండూ బల్లకు ఆనించు, ఊపిరి వదిలాక ముట్టుకో.

చెక్క పలకల వ్యాగన్లకు, స్లీపర్లకు తేలికైన చెక్క కావాలి. విదేశాల్లో బాల్సా వాడతారు. మన కొండపల్లి బొమ్మలవాళ్లు వాడే తెల్ల పొణికి అంతే తేలిగ్గా, అంతే మెత్తగా తెగుతుంది. వాళ్లు రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపి అతుకులకు వాడే మక్కు ఉందే, నేల మిట్టపల్లాలు తీర్చడానికి అంతకు మించింది లేదు. మా ఇంట్లో చింతగింజలు పారేయడం మానేసి ఆరేళ్లయింది.

కొత్త చెక్కను పాతదిగా చూపించడం పెడన కలంకారీ అద్దకంవాళ్ల దగ్గర నేర్చిన పని. వాళ్లు ముందుగా గుడ్డను కరక్కాయ కషాయంలో ముంచుతారు. ఇనుప తుక్కు, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లు ఆ గుడ్డకు తగిలితే నలుపు వస్తుంది. నేను అదే పని చెక్క మీద చేశాను. కరక్కాయ నీళ్లు పూసి ఆరనిచ్చి, ఆ ఇనుప నీళ్లను బాగా పలచన చేసి తుడిస్తే, కొత్త చెక్క చూస్తుండగానే ఇరవై ఏళ్లు ఎండలో పడున్న స్లీపరు రంగుకు వస్తుంది. ఆ సీసా మూత మాత్రం గట్టిగా బిగించకండి. ఊరేది గనుక పొంగుతుంది. మా వరండా గోడ మీద సాక్ష్యం ఇప్పటికీ ఉంది.

ఇక ఉక్కు పెట్టెకు రంగు లేచిపోయినట్టు చూపాలంటే ఉప్పు కావాలి. అవును, తినే ఉప్పే. ఇది నేను కనిపెట్టింది కాదు, అన్ని దేశాలవాళ్లూ చేసేదే. ముందు బండికి తుప్పు రంగు వేసి బాగా ఆరనివ్వాలి. తుప్పు రావలసిన చోట కొంచెం తడి చేసి ఉప్పు రవ్వలు చల్లాలి. అది ఎండాక పైన అసలు రంగు స్ప్రే డబ్బాతో పలచగా కొట్టాలి. కుంచెతో వేస్తే ఉప్పు చెదిరిపోతుంది. రంగు ఆరాక తడి వేలితో రుద్దితే ఉప్పు ఊడిపోయి, కింది తుప్పు అక్కడక్కడా బయటపడుతుంది. బందరులో నిజం వ్యాగన్లను ఏ ఉప్పుగాలి తినేసిందో, బొమ్మ వ్యాగనుకు కూడా ఆ ఉప్పే పని చేసిపెడుతోంది.

ఆ తర్వాత ఎనామిల్ రంగును టర్పెంటైనులో నీళ్లలా కలిపి ఒళ్లంతా పూసి, ఆరే లోపల కుంచెతో పైనుంచి కిందికి తుడవాలి. వాన ఎటు కారుతుందో కుంచె అటే వెళ్లాలి. అడ్డంగా తుడిస్తే మొత్తం పాడవుతుంది. చివర ఇటుక పొడి, బొగ్గు పొడి వస్త్రకాయం పట్టి మెత్తటి కుంచెతో అద్ది, మెరుపు లేని వార్నిషు పలచగా కొడితే సరి. కిటికీలు తెరిచి చేయండి, ఆ వాసన తలకెక్కుతుంది. షుగరు ఉన్నవాళ్లు బ్లేడు దగ్గర జాగ్రత్త. కంటి ఆపరేషను అయినవాళ్లు స్టాండుకు బిగించిన భూతద్దం కొనుక్కోండి, పడిన డబ్బు వృథా కాదు.

బండి అయ్యాక అది నిలబడటానికి ఊరు కావాలి కదా. నేను పెడన–చిలకలపూడి మధ్య ఒక ముక్కను ఎంచుకున్నాను. ఈ బెజవాడ–బందరు లైను 1908లో మీటరు గేజిగా తెరిచారు. తర్వాత బ్రాడ్ గేజి అయింది. నేను ఎంచుకున్నది బ్రాడ్ గేజి వచ్చాక, ఇంకా ఆవిరి ఇంజన్లు నడుస్తున్న కాలం. నా చిన్నతనం ముగిసి ఉద్యోగం మొదలైన రోజులవి.

ఇంగ్లాండు పుస్తకాలు చూస్తే కొండలు, సొరంగాలు, రాతి వంతెనలు చేయడం నేర్పుతాయి. మన దగ్గర కొండ ఏది? మనది బల్లపరుపు నేల. అందులో కష్టం ఏమిటంటే దాచుకోవడానికి చాటు ఉండదు. మనకున్నది కాలువ, గట్టు, వరిచేలు, తాటిచెట్లు, తుమ్మచెట్లు, కుప్పలు. తాటిచెట్టు యాభై అడుగులుంటే బొమ్మలో 20 సెంటీమీటర్లు ఉండాలి. అంత ఎత్తు పెట్టడానికి చేయి రాదు. వ్యాగను కంటే చెట్టు మరీ పెద్దదిగా ఉందేమిటని భయపడి కురచ చేస్తాం. అలా చేస్తే అది తాటిచెట్టు కాదు, క్రోటను మొక్క అవుతుంది. లెక్కనే నమ్మాలి, కంటిని నమ్మకూడదు. అదే లెక్కన అయిదున్నర అడుగుల మనిషి 22 మిల్లీమీటర్లు, అంటే బ్రాడ్ గేజి పట్టాల మధ్య వెడల్పంత.

కోసిన వరిమడికి జనపనార ముక్కలు. గట్టు మీద గడ్డికి రంగు అద్దిన రంపపు పొట్టు. తుమ్మచెట్లకు ఎండిన మొక్కల వేళ్లు తిరగేసి పెట్టాను. కాలువ నీళ్లకు పొర మీద పొర వార్నిషు. మొదట నీలం రంగు వేశాను. మన కాలువ నీళ్లు నీలంగా ఉంటాయా? వండ్రు నీళ్లు. అది గీకేసి మళ్లీ వేశాను. నేల కోసం మాత్రం ఈ మంగినపూడి నల్లమట్టే తీసుకెళ్లి జల్లించి వాడాను. ఎండితే నెర్రెలు వస్తుంది, ఆ నెర్రెలు కూడా సరిగ్గా కొలతకు సరిపోయాయి.

మీరు అడగవచ్చు, ఇంత పాటు ఎందుకయ్యా అని. నేనూ అడుక్కున్నాను. దానికి నాకు దొరికిన జవాబు ఇంగ్లాండులోనే ఉంది. రాయ్ ఇంగ్లాండ్ అని ఒకాయన ఉండేవారు. ఇంటిపేరు ఇంగ్లాండే గానీ ఆయన ఆస్ట్రేలియా మనిషి. 1925లో ఇంగ్లాండు వచ్చి, అక్కడి పల్లెటూళ్ల పూరిళ్లు, తోటలు చూసి మురిసిపోయారు. అవి కళ్లముందే మారిపోతుంటే, మారిపోక ముందు ఉన్నట్టుగా 76వ వంతులో కట్టి ఉంచాలనుకున్నారు. 1954లో లాంగ్ విటెన్‌హామ్ అనే ఊళ్లో పెండన్ మ్యూజియం పెట్టారు. 1930ల నాటి పల్లెసీమ అక్కడ బొమ్మలుగా నిలిచి ఉంది. ఊరివాళ్లకు రోజూ కనిపించేది గనుక పట్టలేదు. బయటినుంచి వచ్చినవాడికి పట్టింది.

మన దేశంలో కూడా పూణేలో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం 1998లో మొదలైంది. పిల్లలను తీసుకెళ్లవలసిన చోటు. కానీ మన డెల్టా ఊళ్లను ఎవరు కట్టి పెడతారు? ఈ తీరానే 2023 మే నెలలో కొత్త ఓడరేవు పనులు మొదలుపెట్టారు. రేవు రావాలి, మన పిల్లలకు పనులు రావాలి, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఇప్పుడు మనం కూర్చున్న ఈ చోటు రేపు ఇలా ఉండదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు ముందు దివిసీమ ఊళ్లు ఎలా ఉండేవో ఈ పిల్లల్లో ఒక్కరికైనా తెలుసా? చూసినవాళ్లం మనమే. మనం పోతే అదీ పోతుంది.

ఇక రెండో వ్యాగను. అది ఎవరి చేతిలో ఉందో వారు దయచేసి తలుపు కింద కుడి మూల చూడండి.

1978 వానాకాలం. ఏ యార్డు అన్నది అనవసరం. నేను టి.ఎక్స్.ఆర్.గా ఉన్నాను. అంటే బండిని పరీక్షించి, పంపవచ్చో లేదో చెప్పేవాణ్ణి. నా దగ్గర ఒక ఖలాసీ ఉండేవాడు. దివిసీమ మనిషి. ముందు ఏడాది ఉప్పెనలో తల్లి పోయింది, ఇల్లు పోయింది. పదిరోజులకే డ్యూటీకి వచ్చాడు. ఆ రోజు బియ్యం లోడుకు ఒక కవర్డ్ వ్యాగను పెట్టారు. ఓవర్‌హాలు చేయించుకుని కొత్త ఎర్ర రంగుతో, తెల్ల అక్షరాలతో మెరిసిపోతోంది. అతను సుత్తితో కొట్టుకుంటూ వచ్చి తలుపు దగ్గర ఆగి, “అయ్యా, ఇక్కడ డొల్ల మోగుతోంది” అన్నాడు. నేను వంగి చూడలేదు. “తేదీ చూడు, మొన్ననే ఓవర్‌హాలు అయి వచ్చింది” అన్నాను. ఫిట్ అని రాసేశాను.

నాలుగు రోజులు వాన పట్టింది. గమ్యం చేరేసరికి అడుగు వరుస బస్తాలు ముక్కిపోయాయి. రంగు కింద పలక జల్లెడలా ఉందని తేలింది. ఎంక్వయిరీ వేశారు. “డొల్ల ఉందని మీకు ఎవరైనా చెప్పారా?” అని నన్ను అడిగారు. నాకు అప్పటికి ప్రమోషను దగ్గరలో ఉంది. “చెప్పలేదండి” అన్నాను. చెప్పానని అతను అన్నాడు. నా మాట నిలిచింది. అతనికి ఒక ఇంక్రిమెంటు కోత పడింది, అదీ శాశ్వతంగా. మీరంతా పెన్షనర్లు. ముప్పై ఏళ్ల సర్వీసు ముందు పోయిన ఇంక్రిమెంటు పెన్షను దాకా వెంటాడుతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. మర్నాడు అతను మామూలుగానే డ్యూటీకి వచ్చాడు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఉప్పు చల్లి రంగు వేసి వేలితో రుద్దుతున్నప్పుడు, కొత్త రంగు కింద నుంచి తుప్పు బయటపడుతుంటే, నాకు ఆ వ్యాగను కనపడింది. అందుకే అదే చేశాను. ఎర్ర రంగు కొత్తగా, అక్షరాలు తెల్లగా, ఒక్క చోట మాత్రం చిన్న పొక్కు. చేసి బీరువాలో పెట్టుకున్నాను. ఏడాది అక్కడే ఉంది. పోయిన ఏడు కార్తీకంలో అవనిగడ్డ బస్సెక్కి, వెతుక్కుంటూ వాళ్ల ఊరు వెళ్లాను.

మనిషి బాగా కుంగిపోయాడు. నన్ను చూసి లేవబోయాడు. వ్యాగను చేతికిచ్చాను. చాలాసేపు తిప్పి చూశాడు. అప్పుడు చెప్పాను, “ఆ రోజు నువ్వు చెప్పావు. చెప్పలేదని అబద్ధమాడింది నేను” అని. వాళ్ల కోడలు, మనవలు అక్కడే ఉన్నారు. వాళ్లు వినాలనే వాళ్ల ముందు చెప్పాను. అతను ఏమీ అనలేదు. వేలితో ఆ పొక్కు తడిమి, “ఇక్కడ కాదండి. మీరు పలక మధ్యలో పెట్టారు. మధ్యలో నీళ్లు నిలవవు కదండి. తలుపు కింద మూలన. డొల్ల మోగింది అక్కడ” అన్నాడు. నేను వంగి చూసి ఉంటే నాకూ ఆ చోటు గుర్తుండేది. తర్వాత కోడలిని టీ పెట్టమన్నాడు.

ఇంటికి వచ్చి ఆ పలక గీకేసి, మూలన మళ్లీ చేశాను. ఇప్పుడు మీ చేతుల్లో ఉన్నది అతను సరిదిద్దిన వ్యాగను. ఈ సంగతి సభలో చెప్పడానికి అతని అనుమతి అడిగాను. పేరు వద్దన్నాడు. అందుకే చెప్పలేదు. పోయిన డబ్బుకు నేను చేయగలిగింది చేశాను. అది పూర్తి లెక్క కాదని నాకు తెలుసు.

నేను పిల్లల ఆట ముసలితనంలో మొదలుపెట్టానని మా వీధిలో అనుకుంటారు. అనుకోనివ్వండి. నిగనిగలాడే రంగు ఎవరైనా వేస్తారు. తుప్పు ఎక్కడ పుడుతుందో, ఎందుకు పుడుతుందో తెలిసినవాళ్లు మాత్రం రోజురోజుకూ తగ్గిపోతున్నారు. ఆ తెలివి పుస్తకాల్లో లేదు, సుత్తి పట్టుకున్నవాళ్ల చేతుల్లో, చెవుల్లో ఉంది.

కాబట్టి సంఘానికి నా విన్నపం ఒకటి. అందరూ రైళ్లు చేయక్కర్లేదు. రెవెన్యూ వాళ్లున్నారు, టీచర్లున్నారు, ఇరిగేషను వాళ్లున్నారు, పోస్టాఫీసు వాళ్లున్నారు. మీరు పనిచేసిన చోటు ఎలా ఉండేదో ఒక్క పేజీ రాయండి. గోడ రంగు ఏమిటి, బల్ల ఎక్కడ ఉండేది, లాకు గేటు ఏ పక్క తుప్పు పట్టేది, తపాలా సంచి ఏ మూల చిరిగేది. పాత ఫొటోలు ఉంటే వెనకాల పెన్సిలుతో ఊరు, సంవత్సరం రాసి పెట్టండి. మన కింద పనిచేసినవాళ్లు ఇంకా ఉంటే, వాళ్లను కూడా అడిగి రాయండి. మనకంటే వాళ్లకే ఎక్కువ గుర్తుంటుంది. పెద్దపండుగ లోపల యాభై పేజీలు వస్తే, నేను చిలకలపూడి స్టేషను పూర్తి చేసి మన సంఘం గదిలో పెట్టిస్తానని మాట ఇస్తున్నాను.

ఇది నవంబరు. మనలో కొందరం బ్యాంకుకు వెళ్లి బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇచ్చే నెల. వ్యాగనుకు ఓవర్‌హాలు తేదీ రాసినట్టే అదీను. తేదీ చూసి ఫిట్ అనుకోకండి. ఒకరికొకరం అప్పుడప్పుడు సుత్తితో తట్టి చూసుకుంటూ ఉందాం. ఎవరైనా డొల్ల మోగుతోందంటే వంగి చూద్దాం.

వంటవాళ్లు సైగ చేస్తున్నారు.  వ్యాగన్లు రెండూ జాగ్రత్తగా నాకు చేర్చండి. సెలవు.